బెత్తెడు ఎక్కువ

హౌక్‌దాల్ లోయలో మనిషి ఎత్తెంత అని అడిగితే ఎవరూ చప్పున చెప్పలేరు. మంచు మీద జారడానికి కాళ్ళకి కట్టుకునే స్కీల పొడుగెంత అని అడగండి, నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మా చర్చికి ఆలస్యంగా వచ్చినవాడు లోపలికి తొంగి చూడనక్కర్లేదు. బయట గోడ వెంబడి మంచులో గుచ్చి నిలబెట్టిన స్కీలు చూస్తే చాలు, లోపల ఎవరున్నారో, ఎవరు ఎగ్గొట్టారో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో కూడా తెలిసిపోతుంది. మొగుడి స్కీలు ఈ చివర, పెళ్ళాం స్కీలు ఆ చివర ఉన్నాయంటే ఆ వారం ఆ ఇంట్లో మీగడ జావ మాడిందని అర్థం.

ఆ గోడ కొసన, మిగతావాటికి కాస్త ఎడంగా, ఒక జత ఎప్పుడూ ఒంటరిగా నిలబడి ఉండేది. అవి స్వేనుంగ్‌వి. గోడకున్న మిగతా జతలన్నీ చేసింది కూడా అతనే.

స్వేనుంగ్ తండ్రి ఐలిఫ్‌ది కూడా ఇదే పని. తల్లి, పిల్లవాడికి మాటలు వచ్చే వయసులోనే పోయింది. అందుకే వీడు మాటలు సగమే నేర్చుకున్నాడని, మిగతా సగం ఆవిడ పట్టుకుపోయిందని వంతెన దగ్గర కొట్టు నడిపే బెర్గిట్ అంటుండేది. తండ్రి కూడా కబుర్ల మనిషేం కాదు. ఆ ఇంట్లో రంపం, చిత్రిక, పొయ్యి మీద కాఫీ మరిగే చప్పుడు, ఇవే మాటలు. ఐలిఫ్ నోరు విప్పేది పని గురించే.

"గోడకి వీపు ఆనించి నిలబెట్టాలిరా. కుడి చెయ్యి పూర్తిగా పైకెత్తించాలి. స్కీ కొన సరిగ్గా వేళ్ళ మొదట్లో ఆనాలి. వేళ్ళు మడిస్తే కొన గుప్పిట్లోకి రావాలి. పొట్టిదైతే మంచులో కూరుకుపోతాడు, పొడుగైతే మలుపులో పడతాడు. మనిషికి సరిపోయేది ఒక్కటే ఉంటుంది. దానికి కాస్త అటూ ఇటూ అంటూ ఏం ఉండదు."

ఇది చెప్పిన ఏడాదికే, ఆకులు రాలే కాలంలో, ఐలిఫ్ దగ్గి దగ్గి పోయాడు. స్వేనుంగ్‌కి అప్పటికి ఇంకా గడ్డం సరిగా గట్టిపడలేదు. పని మటుకు గట్టిపడింది. బర్చ్ దుంగ చీలిస్తే నార ఎటు పోతోందో చూసి, ఏ సగం ఎవరి కాలికి పనికొస్తుందో చెప్పేవాడు. కొనల్ని మరిగే నీళ్ళ ఆవిరి మీద పట్టి మెల్లగా వంచేవాడు. అడుగున పైన్ తారు పూసి, వేడి ఇనుముతో ఇంకేదాకా రుద్దేవాడు. కొలతకి వచ్చినవాళ్ళతో అతను అనేది ఒకటే మాట, "చెయ్యెత్తు." ఆ ఒక్క మాటతోనే కొన్నేళ్ళు గడిపేశాడు. అతని చేతిలో కొలత తప్పిందని అన్నవాళ్ళు లేరు.

తండ్రి పోయాక కూడా అలవాటు చొప్పున బల్ల మీద రెండు కప్పులు పెట్టేవాడు. కొన్నాళ్ళకి అది చూసుకున్నాడు. తీసేద్దామని చెయ్యి చాచి, ఎవరైనా వస్తారేమో ఉండనీ అనుకుని వదిలేశాడు. వచ్చేవాళ్ళు వచ్చేవారు, చెయ్యెత్తేవారు, పోయేవారు. కూర్చుని కాఫీ తాగేంత మాట వాళ్ళకీ దొరికేది కాదు, ఇతనికీ దొరికేది కాదు. ఒంటరితనం మొదట్లో చలిలాగే కరుస్తుంది. తర్వాత ఒళ్ళు మొద్దుబారుతుంది, అప్పుడు బాగానే ఉన్నామనుకుంటాం.

ఆ మొద్దుబారిన మనిషిని కదిపింది ఓస్నె. అతని పనిపాకకి పైన, కొండ వాలులో లీయెన్ అని ఒక కమతం ఉంది. ఓస్నె ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు. నవ్వితే నదికి అవతల గట్టు మీదవాళ్ళు కూడా తల తిప్పేవారు. మాట పడేది కాదు, పడ్డ మాట మరిచేదీ కాదు.

మా దగ్గర గడ్డి కోతకి చుట్టుపక్కలవాళ్ళందరూ సాయం వెళ్తారు. కోసిన గడ్డిని నేల మీద ఎండబెడితే మా వానలకి కుళ్ళిపోతుంది. అందుకని కర్రలు పాతి, వాటికి అడ్డంగా తీగలు లాగి, బట్టలు ఆరేసినట్టు ఆరేస్తాం. ఆ వేసవిలో లీయెన్ మడిలో స్వేనుంగ్ తీగకి ఇటుపక్క, ఓస్నె అటుపక్క పడ్డారు. పై తీగ మీద గడ్డి సర్దుతూ ఆమె జారిపోకుండా ఒక చేత్తో కర్రని పట్టుకుంది. చెయ్యి పూర్తిగా చాచింది. కర్రకి అక్కడొక ముడి ఉంది, కొమ్మ నరికినచోట ఉబ్బిన కణుపు. ఆమె వేళ్ళు మడుచుకుని సరిగ్గా ఆ ముడిని మూసేశాయి.

స్వేనుంగ్ కావాలని చూడలేదు. వడ్రంగి కన్ను ఎవరి అనుమతీ అడగదు, తనంతట తనే కొలిచేస్తుంది. కానీ కొలిచాక మరిచిపోవాలి కదా, మరిచిపోలేదు. కోతలయ్యాక కర్రలు పీకి కట్టలు కడుతున్నప్పుడు ఆ ముడి ఉన్న కర్రని పక్కకి పెట్టాడు. దాని బదులు తన ఇంటినుంచి కొత్త కర్ర తెచ్చి కట్టలో దోపాడు. నేలలో దిగిన మేర కోసేశాక ఆ పాత కర్ర అతని పనిపాక మూలకి చేరింది. లోయలో జరిగిన దొంగతనాల్లో ఇంత చవకైనది ఇంకోటి లేదు.

ఆ శరత్తులోనే ఓస్నె తండ్రి వచ్చి, కూతురికి కొత్త స్కీలు కావాలన్నాడు. పిల్ల పైన కొండ మీద మేకలతో ఉంది, దిగాక కొలతకి పంపిస్తానన్నాడు. స్వేనుంగ్ తలూపాడు. ఆ రోజు నుంచి పనిపాక ఊడ్చినచోటే ఊడ్చాడు. కొలత గోడ మీది మసి తుడిచాడు. ఆమె వస్తే "చెయ్యెత్తు" అనే మాటకి ముందు ఇంకేదైనా అనాలని ఒక వాక్యం తయారుచేసుకున్నాడు. "పైన మేకలన్నీ కులాసాయేనా" అన్నదే ఆ వాక్యం. దాన్ని చిత్రిక పడుతూ పడుతూ వల్లించాడు.

ఒక శనివారం మేకులు, కాఫీ పొడి కొనడానికి కొట్టుకి వెళ్ళాడు. నలుగురైదుగురు కుర్రాళ్ళు అక్కడే పొయ్యి చుట్టూ చేరి ఉన్నారు. వాళ్ళలో హల్‌గ్రిమ్ పిండి బస్తా మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. చురుకైనవాడు, చూడ్డానికి బాగుంటాడు, లీయెన్ వైపు పని ఉన్నా లేకపోయినా తిరుగుతుంటాడు. బెర్గిట్ మేకులు తూచి పొట్లం కడుతూ అంది.

"స్వేనుంగూ, నీకో కబురు. ఓస్నె నిన్న జున్ను దింపడానికి వచ్చింది. కొలతకి రాదట."

"ఎందుకు?"

"అదే నేనూ అడిగాను. 'పుట్టినప్పట్నుంచీ నన్ను చూస్తూనే ఉన్నాడు కదా పిన్నీ, చూసింది గుర్తుంటే చేసి పంపమను. ఏపాటి గుర్తుందో నేనూ చూస్తాను' అంది. ఇందులో నా సొంతం ఒక్క ముక్క లేదు, కావాలంటే ఒట్టు."

పొయ్యి దగ్గర నవ్వులు లేచాయి.

"చెయ్యెత్తకుండా కొలతెలా తెలుస్తుందిరా?" అన్నాడు హల్‌గ్రిమ్. "పోనీ తెలిసిందే అనుకో. ఎక్కడ చూశావో, ఎప్పుడు చూశావో అది కూడా చెప్పాలి మరి."

"గడ్డివామి చాటునేమో," అన్నాడు ఇంకొకడు.

"వీడా? వీడు గడ్డివామి చాటుకి వెళ్తే గడ్డే కొలుచుకొస్తాడు."

ఈసారి బెర్గిట్ కూడా నవ్వింది. స్వేనుంగ్ చెవులు కాగిన ఇనుములా ఎర్రబడ్డాయి. మేకుల పొట్లం తీసుకున్నాడు, డబ్బిచ్చిన కాఫీ పొడి బల్ల మీదే మరిచిపోయాడు.

దారిపొడుగునా అతని గుండె ఒక చోట నిలవలేదు. అంత సంతోషం అతను ఎప్పుడూ ఎరగడు. ఆ కబురులో ఒక ప్రశ్న ఉందని, అది స్కీల గురించి కాదని అతనికి తెలుసు. జవాబు చెప్పడానికి నోరు కూడా అక్కర్లేదు, కొయ్య చాలు. నోట్లో నాలుక లేనివాడికి ఇంతకన్నా సులువైన దారి ఏ ఆడపిల్ల చూపిస్తుంది? సరిగ్గా చేసి పంపడమే. ఆమె వేళ్ళు కొన మీద మడుచుకుంటే చాలు, అంతా చెప్పినట్టే.

ఇంటికి చేరేసరికి భయం కూడా వెంట వచ్చి కూర్చుంది. మా దగ్గర కొత్త స్కీలు మొదటి ఆదివారం చర్చి గోడ దగ్గర అందరి ఎదుటా నిలబెట్టి చూసుకోవాలి, అది ఆచారం. చెయ్యెత్తాలి, వేళ్ళు మడవాలి. కొలవకుండా చేసిన స్కీ వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరితే హల్‌గ్రిమ్ ఏమంటాడో, ఊరు ఏమంటుందో అతనికి ఇప్పటినుంచే వినిపించింది. ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు? ఆ మాట తనకే కాదు, ఓస్నెకి కూడా అంటుకుంటుంది. ఆమె పరువు కోసమే ఆలోచిస్తున్నానని తనకి తాను చెప్పుకున్నాడు. అందులో సగమే నిజం. మిగతా సగం, నలుగురూ నవ్వితే చచ్చిపోతాననిపించే పిరికితనం.

అప్పుడు అతనికొక ఉపాయం తట్టింది. ఒంటరివాళ్ళకి తట్టే ఉపాయాలు ఇలాగే ఉంటాయి, నాలుగు గోడల మధ్య చూస్తే బ్రహ్మాండంగా కనిపిస్తాయి. స్కీ సరిగ్గా ఉంటే ఓస్నె పాకకి ఎందుకొస్తుంది? తప్పుంటే వస్తుంది. బెత్తెడు పొడుగు చేస్తే ఊళ్ళో ఎవరూ నోరెత్తరు, కొలవకుండా చేశాడు పాపం అంటారు. సోమవారమో మంగళవారమో ఆమె భుజాన స్కీలు వేసుకుని వస్తుంది, పొడుగైంది కొయ్యమంటుంది. అప్పుడు ఎవరూ ఉండరు. ఈ కర్ర చూపిస్తాడు, ముడి చూపిస్తాడు, నాకు తెలుసు ఓస్నె అంటాడు.

లోయ మొత్తంలో దొరికిన మంచి బర్చ్ దుంగ ఎంచి ఆ జత చేశాడు. అంత తేలికైన జత అతను ముందూ చేయలేదు, తర్వాతా చేయలేదు. కొయ్యని కర్ర పక్కన పరిచినప్పుడు చెయ్యి అలవాటుగా ముడి దగ్గరే గీత పెట్టింది. అతను ఆ గీతని చెరిపి, బెత్తెడు పైన ఇంకోటి పెట్టాడు. తండ్రి చెప్పినదానికి అడ్డంగా పెట్టిన గీత జీవితంలో అదొక్కటే.

ఆదివారం చర్చి ముందు మంచు గట్టిగా, మెరుస్తూ ఉంది. ఓస్నె స్కీని నిలబెట్టింది. అందరూ చుట్టూ చేరారు. ఆమె ఒకసారి స్వేనుంగ్ వైపు చూసి, నవ్వు ఆపుకుంటూ చెయ్యెత్తింది. కొన ఆమె వేళ్ళ మొదట్లో ఆగలేదు. వేలి కొసలదాకా వెళ్ళింది. మడుద్దామని చూసింది, మడవడానికి ఏమీ మిగల్లేదు.

"అయ్యో, ఎవత్తెకో చేసింది నీకు పంపినట్టున్నాడే," అంది బెర్గిట్.

"పోనీలే, ఎదుగుతావేమో అని చేసుంటాడు," అన్నాడు హల్‌గ్రిమ్. "చూశావా, నేను చెప్పలేదూ? మనవాడు మేకుల్ని తప్ప మనుషుల్ని చూడడు."

అందరూ నవ్వారు. స్వేనుంగ్ కూడా నవ్వాడు. దేనికి నవ్వాడో అడిగితే చెప్పలేడు. ఓస్నె మాత్రం నవ్వలేదు. చెయ్యి దించి, స్కీని ఒకసారి పైనుంచి కిందికి నిమిరి, "బాగున్నాయి," అంది. "చాలా బాగున్నాయి." వంగి కాలి కట్టు బిగించుకుని అందరికన్నా ముందు వెళ్ళిపోయింది.

సోమవారం అతను కాఫీ కాచి ఎదురుచూశాడు. మంగళవారం కూడా. రెండో కప్పు రోజూ కడిగి పెట్టేవాడు. లీయెన్ నుంచి దిగే దారి అతని కిటికీ ముందునుంచే పోతుంది, కాస్త కిందికి వెళ్ళాక వాగు దగ్గర గట్టిగా మలుపు తిరుగుతుంది. తర్వాతి ఆదివారం ఆ మలుపులో ఓస్నె పడింది. పొడుగు స్కీ తోక పొదకి తగిలి ఆమెని పక్కకి విసిరింది. స్వేనుంగ్ గుమ్మందాకా పరిగెత్తాడు. కానీ వెనకనే ఇంకొందరు వస్తున్నారు, వాళ్ళు లేపారు. ఇవాళ చూసుకుంది కదా, రేపు వస్తుంది అనుకున్నాడు.

బెత్తెడే కదా, దానికేమొచ్చిందని మీరనుకోవచ్చు. చెప్పులో రాయి బెత్తెడు కూడా ఉండదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇతను అడగకపోగా, ఎదుటివాళ్ళే వచ్చి తనని అడగాలని ఆ చలికాలమంతా కూర్చున్నాడు. ఒకసారి లీయెన్ దాకా వెళ్ళాడు కూడా. కంచె దగ్గర నిలబడి, పొగ గొట్టంలోంచి పొగ రావడం చూసి, పొయ్యి వెలుగుతోంది, అందరూ ఇంట్లోనే ఉన్నారు, అందరి ముందూ ఏం చెబుతానని వెనక్కి తిరిగాడు. మంచులో అతని స్కీల జాడ కంచెదాకా వెళ్ళి అక్కణ్ణుంచి మళ్ళింది. ఆ జాడ ఎవరిదో లోయలో ఎవరైనా చెప్పగలరు. కానీ ఆ మధ్యాహ్నం మళ్ళీ మంచు కురిసింది.

ఈస్టర్ పండగ నాడు ఓస్నెకి, హల్‌గ్రిమ్‌కి నిశ్చయమైందని చర్చిలో చెప్పారు. ఓస్నె ఒక్కతే కూతురు కనక హల్‌గ్రిమే లీయెన్‌కి ఇల్లరికం వెళ్ళాడు. పెళ్ళి భోజనంలో స్వేనుంగ్‌కి బల్ల చివర చోటు దొరికింది. ఎండబెట్టిన గొర్రె మాంసం, రొట్టె పలకలు, మీగడ జావ, అన్నీ తిన్నాడు. దేని రుచీ తెలియలేదు.

తర్వాత ఏళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అతని బతుక్కి అదే కొరత. అతను స్కీలు చేశాడు. హల్‌గ్రిమ్‌కి చేశాడు, అవి కుదిరాయి. ఓస్నె పిల్లలకి చేశాడు, అవీ కుదిరాయి. కొట్టులోకి ఫ్యాక్టరీ స్కీలు వచ్చాయి, వాటి మీద అంకెలు ముద్రించి ఉండేవి. కుర్రకారు అవి కొన్నారు, పెద్దవాళ్ళు ఇతని దగ్గరికే వచ్చారు. బెర్గిట్ ముసలిదైంది, పెళ్ళి చేసుకోమని అతన్ని చెవినిల్లు కట్టుకుని పోరి పోరి చివరికి విసిగిపోయింది.

"నీకేం తక్కువరా? ఎవత్తెనైనా చూసుకోవచ్చుగా?"

"చూడ్డం రాదు కదా పిన్నీ నాకు," అన్నాడు స్వేనుంగ్. బెర్గిట్ దాన్ని హాస్యమనుకుని పగలబడి నవ్వింది.

ఆదివారాలు మటుకు ఉండేవి. ఓస్నె దిగేది. మలుపులో ప్రతిసారీ కాకపోయినా చాలాసార్లు పడేది. పడ్డాక ఒక చేత్తో ఊతకర్ర ఆనుకుని, ఇంకో చేత్తో పావడా దులుపుకుని, కాసేపు అక్కడే నిలబడి ఊపిరి తీసుకునేది. అతను కిటికీ వెనక నిలబడి చూసేవాడు. పడినందుకు గుండె గతుక్కుమనేది. నిలబడినందుకు అదే గుండె కుదుటపడేది. ఇది మంచి బుద్ధి కాదని అతనికి తెలుసు. ఓస్నెకి స్కీ రాదని లోయంతా ఖాయం చేసేసింది. "మా ఆవిడ స్కీల మీద ఆవుతో సమానం" అని హల్‌గ్రిమ్ నలుగురిలో అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా అది తన ముఖాన పడ్డట్టే ఉండేది స్వేనుంగ్‌కి.

ఒకసారి, హల్‌గ్రిమ్ కొలతకి వచ్చినప్పుడు, ధైర్యం చేసి అన్నాడు. "ఓస్నెవి కాస్త పొడుగేమో. తోక కోసిస్తాను, పట్రా."

"నీకిప్పుడు తట్టిందా?" అన్నాడు హల్‌గ్రిమ్. "ఎన్నిసార్లు చెప్పానో. చెయ్యి వెయ్యనివ్వదురా బాబూ. ఎలా ఇచ్చాడో అలాగే ఉండనీ అంటుంది. మొండిఘటం."

విరగని స్కీ పారేయడం మా దగ్గర పాపం. అంత మంచి బర్చ్ విరగదు. అలా ఆ బెత్తెడు అలాగే ఉండిపోయింది.

హల్‌గ్రిమ్ ఒక శరత్తులో గుండె ఆగి పోయాడు. పిల్లలప్పటికే ఎవరి ఇళ్ళకి వాళ్ళు వెళ్ళారు. ఆ చలికాలం చివర, ఒక ఆదివారం పొద్దున, స్వేనుంగ్ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే పాక తలుపు చప్పుడైంది. తీస్తే ఓస్నె, భుజాన స్కీలతో. తల నెరిసింది, నడుం కాస్త వంగింది. కళ్ళు అవే.

"పైన మేకలన్నీ కులాసాయేనా?" అన్నాడు స్వేనుంగ్. ఎప్పుడో వల్లించిన వాక్యం తనంతట అదే బయటికొచ్చింది.

ఆమె వింతగా చూసింది. "మేకలకేం? నాకే బాగాలేదు. ఈ వయసులో పడితే ఎముక అతకదు, వాటిని ఎవరు చూస్తారు? వీటి తోకలు కొయ్యి. చర్చికి టైముంది."

"ఎంత కొయ్యను?"

"అది నన్నడుగుతావేం? చేసింది నువ్వు."

ఆమె స్కీలు బల్ల మీద పెట్టి పాకంతా కలియజూసింది. ఇన్నేళ్ళలో ఆమె ఇందులో అడుగు పెట్టడం ఇదే మొదలు. మూలనున్న కర్ర దగ్గర చూపు ఆగింది.

"ఇది గడ్డి కర్ర కదా. నీకు మడే లేదు. ఇదెందుకు?"

స్వేనుంగ్ కర్రని తెచ్చి ఆమె పక్కన నిలబెట్టి, తనకి వచ్చిన ఆ ఒక్క మాటే అన్నాడు.

"చెయ్యెత్తు."

ఆమె ఎత్తింది. వేళ్ళు ముడికి రెండు వేళ్ళ కింద ఆగాయి.

"అప్పుడు సరిగ్గా ముడి మీదకి వచ్చేవి," అన్నాడు. "మీ మడిలో, పై తీగ మీద గడ్డి వేస్తున్నప్పుడు. నేను అటుపక్కన ఉన్నాను."

ఓస్నె ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి ముడి వైపు చూసింది. కొయ్య పని తెలియకపోయినా లోయలో పుట్టిన మనిషి. కర్రలో ముడి ఎక్కడుందో, తన స్కీ కొన ఎక్కడికొస్తుందో కంటితోనే పక్కపక్కన పెట్టి చూసుకుంది.

"అయితే నీకు తెలుసన్నమాట," అంది.

"తెలుసు."

"మరి బెత్తెడు ఎందుకు పెంచావు?"

"పొడుగైందని అడగడానికి వస్తావనుకున్నాను. అప్పుడు చెబుదామనుకున్నాను."

ఆమె చెయ్యి దించింది. బల్ల మీద రెండో కప్పు ఉంటే దాని ముందు కూర్చుంది.

"లోయలో అందరికీ వెంట్రుకవాసి తేడా లేకుండా చేశావు," అంది. "నాకొక్కదానికే తప్పింది. వీడు నన్ను ఒక్కసారి కూడా సరిగా చూడలేదు, నేనే ఏదో ఊహించుకున్నాను అనుకున్నాను. అందరి ముందూ చెయ్యెత్తి మరీ తెలుసుకున్నాను. మళ్ళీ ఎప్పుడూ అంత తెలివితక్కువగా ఉండకూడదనే వీటిని కొయ్యనివ్వలేదు. పడినప్పుడల్లా బుద్ధి వచ్చేది."

"ఓస్నే..."

"కొయ్యి. గంట కొట్టేస్తారు."

అతను కోశాడు. తోక తగ్గింది కనక కట్టు కూడా ఒక వేలు ముందుకి జరిపాడు. కోసినచోట తారు పూసి ఇనుముతో ఇంకించాడు. ఆమె ఆలోపు పొయ్యి మీది కాఫీ వంపుకుని తాగింది, కప్పు ఖాళీ చేసింది, గడ్డి కర్ర వైపు ఇంకోసారి చూడలేదు.

గుమ్మం బయట స్కీని నిలబెట్టి చెయ్యెత్తింది. వేళ్ళు కొన మీద మడుచుకున్నాయి. ఒకసారి తెరిచి మళ్ళీ మడిచింది. తర్వాత వంగి కట్టు బిగించుకుంది. బిగించిన కట్టునే విప్పి మళ్ళీ బిగించింది. స్వేనుంగ్ పక్కనే నిలబడ్డాడు. చర్చి అయ్యాక ఇటు రా, కాఫీ తాగుదువుగాని. ఇంతే అనాలి. నాలుక మీదే ఉంది.

"కట్టు సరిగ్గా ఉందా?" అన్నాడు.

"ఉంది." ఆమె నిటారుగా నిలబడి అతని ముఖంలోకి చూసింది. "ఇంకేమైనా చెప్పాలా?"

"కట్టు జరిపాను కదా. కాస్త ముందుకి వాలి నడుపు."

"సరే," అంది ఓస్నె. ఏదో నవ్వొచ్చినట్టు తల అటు తిప్పుకుంది. "ముందుకే వాలతాను."

ఆమె దిగింది. అతను లోపలికి పరిగెత్తి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మొదట జంకుతూ, తర్వాత జంకు లేకుండా వెళ్ళింది. వాగు మలుపు దగ్గర ఒక కాలు ముందుకి జార్చి, మోకాలు వంచి, నీళ్ళు తిరిగినంత తేలిగ్గా తిరిగింది. అరవై ఏళ్ళ మనిషి, ఒక్కసారి కూడా తూలలేదు. ఓస్నెకి స్కీ రాదని ఎవడన్నాడు? సంతోషం పట్టలేక స్వేనుంగ్ కిటికీ చట్రం మీద చేత్తో కొట్టాడు.

అప్పటికే ఆమె పొదలు దాటిపోయింది. మలుపు ఖాళీగా ఉంది.

ఇన్నేళ్ళూ ఆమె పడి లేచి మంచు దులుపుకునేంత సేపు ఆ మలుపులో ఉండేది. అతనికి దక్కిన ఓస్నె అంతే. ఇక ఆమె అక్కడ ఆగదు, ఆగాల్సిన పని లేదు. కోసింది తనే, అదీ చాలా చక్కగా కోశాడు.

కింద చర్చి గంట మొదలైంది. స్వేనుంగ్ వెళ్ళలేదు. చొక్కా పై గుండీ విప్పి, బల్ల దగ్గర కూర్చున్నాడు. బల్ల మీద కోసిన రెండు ముక్కలు, తాగేసిన కప్పు, అతను తాగకుండా వదిలేసిన కప్పు ఉన్నాయి. కాసేపటికి లేచి ఆమె తాగిన కప్పు కడిగాడు. తడి తుడిచి, బల్ల మీద పెట్టబోయి, అలమర తెరిచి లోపల పెట్టాడు.